పాడ్ దగ్గర ఆగిపోయిన సినిమా

రేకా జెహ్తాబ్చీ తీసిన ‘పీరియడ్. ఎండ్ ఆఫ్ సెంటెన్స్’ మొదట్లో మన ఊరే గుర్తొస్తుంది. ముట్టంటే ఏమిటని అడగ్గానే ఉత్తరప్రదేశ్‌లోని కాఠీఖేడా ఆడపిల్లలు ముసిముసిగా నవ్వి మొహం దాచుకుంటారు. ఓ కుర్రాడు అదేదో ఆడవాళ్ళకొచ్చే జబ్బంటాడు. ఆ సిగ్గును కెమెరా ఓపిగ్గా పట్టుకుంది. 2019లో వచ్చిన ఆస్కార్‌కి నాకైతే అదొక్కటీ చాలు.

ఆ తరవాతే నా పేచీ. లాస్ ఏంజెలెస్ బడిపిల్లలు పోగుచేసిన చందాలతో మురుగనంతం యంత్రం ఊళ్ళోకొస్తుంది. ఆడవాళ్ళు ‘ఫ్లై’ పేరుతో పాడ్లు చేసి అమ్ముతారు. 26 నిమిషాల్లో కథ సుఖాంతం. చందాలిచ్చే మనబోటివాళ్ళకి హాయిగానే ఉంటుంది.

మరి నొప్పి? ఆగని నెత్తురు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7.

మా పిన్నికి ముప్ఫైరెండో ఏటే తీసేశారు. పాడ్ కొనుక్కోలేక వెళ్ళలేదావిడ. తెల్లబట్టవుతోందని చూపించుకోబోతే, ఉంచితే కేన్సరొస్తుందన్నారట. మొన్న ఫోన్లో ఈ సినిమా సంగతి చెప్పాను. “ఆ పిల్లలకి డాక్టరెవరైనా ఉన్నాడా?” అంది.