నీటికి స్కేలు లేదు

అమెరికాలోని అరిజోనా ఎడారి రాష్ట్రం. అయినా అక్కడి టూసాన్ నగరం పేరు చెబితే చెక్కతో మోడల్ బోట్లు కట్టేవాళ్లకు వెంటనే గుర్తొచ్చేవి డ్యూమాస్ కంపెనీ కిట్లే. వాటిలో చాలామంది ఇష్టపడేది 1930 నాటి క్రిస్-క్రాఫ్ట్ రన్‌అబౌట్. అసలు పడవ పొడవు 24 అడుగులు, కిట్‌తో కట్టేది 36 అంగుళాలు. అంటే సరిగ్గా ఎనిమిదో వంతు. పెట్టె విప్పితే కోసి ఉంచిన ప్లైవుడ్ ఫ్రేములు, సన్నటి మహాగనీ పట్టీలు, ప్లాన్లు ఉంటాయి. మోటారు, బ్యాటరీ, రిమోట్ విడిగా సమకూర్చుకోవాలి.

ఈ పడవకు మాతృక పుట్టింది మిషిగన్ రాష్ట్రంలోని ఆల్గొనాక్‌లో. క్రిస్ స్మిత్ కుటుంబం 1922లో అక్కడ పెట్టిన కంపెనీయే తర్వాత క్రిస్-క్రాఫ్ట్ అయింది. నిగనిగలాడే వార్నిష్ కింద ఎర్రటి మహాగనీ చెక్క ఆ పడవల గుర్తు. 1950లో ఆ కంపెనీ నిజమైన పడవలను కూడా ప్లైవుడ్ కిట్లుగా అమ్మడం మొదలుపెట్టింది. జనం కొనుక్కెళ్లి ఇంటి పెరట్లో కట్టుకున్నారు.

మోడల్‌లో పొడవు, వెడల్పు, సీట్లు, స్టీరింగ్ చక్రం అన్నీ ఎనిమిదో వంతుకు తగ్గుతాయి. దాన్ని వదిలే చెరువులో నీళ్లు మాత్రం తగ్గవు. మోడల్ విమానాన్ని, మోడల్ రైలును అల్మరాలో పెట్టి చూసుకుని తృప్తి పడేవాళ్లున్నారు. నీళ్లలో తిరగాల్సిన పడవకు ఆ వెసులుబాటు లేదు. ఈ పనిలోని కష్టమూ, ఆనందమూ అక్కడే ఉన్నాయి.

బరువు సంగతే చూడండి. పొడవు ఎనిమిదో వంతయితే బరువు ఎనిమిదో వంతు కాదు, ఎనిమిదిని మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే 512వ వంతు. అసలు పడవ 1500 కిలోలు ఉందనుకుంటే మోడల్ మొత్తం మూడు కిలోలకు మించకూడదు. చెక్క, జిగురు, వార్నిష్, మోటారు, బ్యాటరీ అన్నీ అందులోనే ఇమడాలి. ముచ్చటపడి డెక్కు మీద 100 గ్రాముల ఇత్తడి సామాను బిగిస్తే, లెక్క ప్రకారం అసలు పడవ డెక్కు మీదికి 51 కిలోల మనిషి ఎక్కినట్టే. అందుకే అనుభవజ్ఞుల పనిబల్ల మీద సుత్తి ఉన్నా లేకపోయినా వంటింటి త్రాసు ఉంటుంది.

వేగానికీ ఇలాంటి లెక్క ఉంది. దాన్ని తేల్చిన ఇంజనీరు విలియం ఫ్రౌడ్. ఆయన ముందు ఇంగ్లండ్‌లోని డార్ట్ నది మీద నమూనా పడవలతో ప్రయోగాలు చేశాడు. తర్వాత అక్కడే టార్కీ పట్టణంలో పొడవాటి నీటి తొట్టి కట్టించి, 1872 నుంచి పారఫిన్ మైనంతో చేసిన నమూనాలను అందులో లాగించి చూశాడు. చిన్న నమూనాలతో పెద్ద ఓడల గుట్టు తెలియదని అప్పటి నిపుణులు కొందరు గట్టిగా వాదించారు. అలలు ఒకేలా లేవాలంటే వేగాన్ని పొడవు వర్గమూలాన్ని బట్టి తగ్గించాలని ఫ్రౌడ్ నిరూపించాడు. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల తొట్టి ఉంది. అక్కడ ఓడల నమూనాలను పరీక్షించేదీ ఈ సూత్రం ఆధారంగానే.

ఎనిమిదికి వర్గమూలం సుమారు 2.8. అసలు పడవ గంటకు 50 కిలోమీటర్లు పోతే మోడల్‌కు 18 చాలు. ఆ వేగంలో అణియం, అంటే పడవ ముందు భాగం, కాస్త పైకి లేచి, వెనక నీటి చార అందంగా విచ్చుకుంటుంది. చవగ్గా దొరికే మోటార్లు ఇంతకు రెట్టింపు వేగంతోనూ లాగగలవు. అలా లాగితే ఎన్నో నెలలు కూర్చుని కట్టిన పడవ నీటి మీద ఎగిరిపడే ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. అంత పనితనానికి అది అన్యాయం.

కట్టడం విషయానికొస్తే, ఓర్పును పరీక్షించేవి ఫ్రేముల అంచులు. పడవను బల్ల మీద బోర్లించి కడతారు. అడుగు దూలం మీద ఫ్రేములు వరుసగా నిలబడతాయి. వాటి అంచులు తిన్నగా కోసి ఉంటాయి, కానీ పట్టీలు అణియం దగ్గరికి వచ్చేసరికి ఏటవాలుగా తిరుగుతాయి. సన్నటి బద్దను ఫ్రేముల మీద అడ్డంగా ఆనించి, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ ఉప్పు కాగితంతో అంచును ఏటవాలు చెయ్యాలి. మళ్లీ బద్ద ఆనించాలి, మళ్లీ రుద్దాలి. బద్ద ప్రతి ఫ్రేము మీదా నిండుగా కూర్చున్నాకే పట్టీ అతికించాలి. ఎడమవైపు ఒకటి వేస్తే వెంటనే కుడివైపు దాని జోడు పడాలి. ఒకే వైపు వేసుకుంటూ పోతే జిగురు ఆరే కొద్దీ అడుగు దూలం మెలి తిరుగుతుంది. అలా తిరిగిన పడవ చుక్కాని తిన్నగా ఉన్నా పక్కకే పోతుంది.

రెండో గండం ప్రొపెల్లర్ షాఫ్టు. మోటారు, షాఫ్టు ఒకే గీతలో లేకపోతే కలిపిన చోట ఒరుసుకుని గోల చేస్తాయి, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. షాఫ్టు తిరిగే గొట్టంలో గ్రీజు నింపకపోతే నీళ్లు దాని వెంట లోపలికి పాకుతాయి. డెక్కు మూశాక చెయ్యి దూరని మూలలు చాలా ఉంటాయి. అందుకే ముందే లోపలంతా ఎపాక్సీ పూత వేస్తారు. బయటి వార్నిష్ నునుపును అందరూ మెచ్చుకుంటారు. పడవ ఆయుష్షు మాత్రం ఎవరూ చూడని ఈ లోపలి పూత మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

రేడియో నియంత్రణ కూడా నీటి మీదే జనానికి పరిచయమైంది. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికొలా టెస్లా తొట్టిలో చిన్న పడవను తీగల్లేకుండా నడిపి చూపించాడు. అదే ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది. నేటి రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తాయి. వాటిని నీరు పీల్చేసుకుంటుంది. అందుకే రిసీవర్ యాంటెనా నీటి మట్టానికి పైన, డెక్కు కిందే ఎత్తుగా ఉంటే సిగ్నల్ తెగదు.

చెరువుకు తీసుకెళ్లే ముందు ఇంట్లో నీళ్ల తొట్టిలో వదిలి చూడాలి. ప్లాన్‌లోని నీటి గీత దాకా పడవ మునగాలి. అమరం, అంటే వెనక భాగం, బరువెక్కితే బ్యాటరీని నాలుగు వేళ్లు ముందుకు జరపాలి. ఇంకా తేలికగా ఉంటే సీసపు ముక్కలు అడుగునే పెట్టాలి. బ్యాటరీని జిగురుతో అతికించకుండా జరపడానికి వీలుగా వెల్క్రోతో బిగించేది ఇందుకే.

మొదటిసారి కట్టేవాళ్లు రన్‌అబౌట్ జోలికి పోకుండా టగ్గుతోనో చేపల పడవతోనో మొదలుపెట్టడం మేలు. అవి నెమ్మదిగా నడుస్తాయి, బరువు మోస్తాయి, అడుగు వెడల్పుగా ఉంటుంది. కిట్ కొనే ముందే దగ్గర్లోని నీళ్లను చూసి రావాలి. ఎనిమిదో వంతు పడవకు 10 సెంటీమీటర్ల అల అంటే అసలు పడవకు 80 సెంటీమీటర్ల అల. చుట్టూ చెట్లున్న చిన్న కుంటకు 60 సెంటీమీటర్ల టగ్గు సరిపోతుంది. సాయంత్రం గాలి కొట్టే పెద్ద చెరువులో తిప్పాలంటే మీటరు పొడవు పడవ కావాలి, దాన్ని మోసుకెళ్లడానికి తోడు ఒక మనిషి కూడా కావాలి.