తన సొమ్ముకు తానే బాకీ

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పదివేలు అప్పు పుట్టాలన్నా కాగితం రాసుకోవాల్సిందే. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయించి, అసలెంత, నూటికి మిత్తి ఎంత, సాక్షులెవరు అన్నీ ప్రామిసరీ నోటులో ఎక్కిస్తారు. మూడేళ్లు దాటితే ఆ నోటు కోర్టులో నిలవదని చదువురాని వాళ్లకూ తెలుసు. అందుకే గడువు దగ్గర పడగానే ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక జమ రాయించి, సంతకం తీసుకుంటారు. అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు.

ఈ జాగ్రత్తంతా పరుల సొమ్ము దగ్గరే. సొంత పొదుపులోంచి అప్పు తీసినప్పుడు మాత్రం ఒక్క ముక్క రాసుకునేవాళ్లు అరుదు.

పుట్టపాకలో ఇక్కత్ నేసే మనిషికి, గద్వాలలో చీర నేసే మనిషికి, నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీకి పీఎఫ్ కట్టే యజమాని ఉండడు. ముసలితనానికి వాళ్లంతట వాళ్లే దాచుకోవాలి. చేనేత కార్మికుడు కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపే పొదుపు పథకం 2017లో వచ్చింది. దానికి 36 నెలల గడువుండేది. 2020లో కరోనాకు చీరలు కదలకపోతే గడువుకు ముందే తీసుకోనిచ్చారు. అలా తీసుకున్నది మళ్లీ కట్టక్కర్లేదు.

పోస్టాఫీసు పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) మీద అప్పు అలా కాదు. అది కచ్చితంగా బాకీయే.

2022-23లో ఖాతా తెరిచిన దర్జీ 2025 జులైలో అప్పు అడిగాడనుకుందాం. లెక్కకు వచ్చేది ఆనాటి నిల్వ కాదు, 2024 మార్చి 31 నాటిది. అది 80,000 అయితే పావు వంతు, అంటే 20,000 దాకా ఇస్తారు. ఆగస్టు 1 నుంచి 36 నెలల్లో అసలు తీర్చాలి. ఆ తర్వాత ఏడాదికి నూటికి ఒక రూపాయి మిత్తి. అసలంతా ఆఖర్లో ఒకేసారి కట్టినా మిత్తి 600 మించదు. ఊళ్లో నెలకు నూటికి రెండు రూపాయలు పోసేవాడికి ఇది ఉత్తపుణ్యానికి వచ్చినట్టే ఉంటుంది. అయితే తీసిన సొమ్ము తిరిగి చేరేదాకా దాని మీద రావలసిన 7.1 శాతం వడ్డీ రాదు. 2028 జులై దాటిందా, మిగిలిన అసలు మీద మొదటి నెల నుంచే ఒకటి బదులు ఆరు శాతం పడుతుంది.

గుమ్మంలోకి వచ్చి గడువు గుర్తుచేసే సావుకారు ఇక్కడ లేడు. కాబట్టి ఆ పని కాగితమే చేయాలి. ఫారం-2 నకలు, మంజూరైన తేదీ, ఏ నిల్వ మీద ఇచ్చారు, ఆఖరు తేదీ ఏది, ప్రతి వాయిదా రసీదు: ఇవన్నీ ఒకచోట ఉండాలి. కట్టేటప్పుడు స్లిప్పు మీద అప్పు జమ అని రాయాలి. ఏటా వేయాల్సిన కనీసం 500 దీంట్లో కలవదు. అది మరిస్తే ఖాతా ఆగిపోతుంది, ఆగిన ఖాతా మీద కొత్త అప్పు పుట్టదు.

అమెరికాలో సొంత కన్సల్టింగ్ పెట్టుకున్న తెలుగువాళ్లకు ఈ రాతకోతలు తప్పవు. అక్కడ ఒంటరి వ్యాపారి పెట్టుకునే సోలో 401(కె)లో అప్పు తీయాలంటే ముందు ప్లాన్ పత్రంలోనే ఆ వీలుండాలి. ఖాతాలో సగం, లేదా 50,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతవరకే. మామూలుగా ఐదేళ్లలో, కనీసం మూడు నెలలకో వాయిదా చొప్పున తీర్చాలి. ట్రస్టీగా ఇచ్చేదీ తానే, పుచ్చుకునేదీ తానే. అయినా నోటు రాసి రెండువైపులా సంతకం పెట్టుకుంటాడు. నిబంధన తప్పితే పన్నుశాఖ ఆ అప్పును ఆదాయం కింద కట్టి పన్ను అడుగుతుంది.

ఇక్కడి పీపీఎఫ్‌లో ఖాతాదారు అప్పు తీర్చకుండానే చనిపోతే, ఆ మిత్తి నామినీ లేదా వారసుల మీద పడుతుంది. ఖాతా మూసేటప్పుడు వాళ్లకు రావలసిన దాంట్లోంచి మినహాయిస్తారు. భర్త చెప్పకపోతే భార్యకు ఆ సంగతి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. ఇంట్లో రాసుకునే కాగితం మీద సాక్షిగా ఆమె చేతే సంతకం పెట్టిస్తే, వాయిదా తేదీ గుర్తుచేసే మనిషి కూడా దొరుకుతుంది.