మాగాయ ఊట

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మే నెల వచ్చిందంటే తెలుగిళ్ల డాబాల మీద మాగాయ ముక్కలే. ఎండకేం లోటులేని ఊరు. నాకు మాత్రం ఎండబెట్టడం కన్నా అంతకుముందు జాడీలో జరిగేదే ముచ్చట. చెక్కు తీసి తరిగిన ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి మూత పెడతామా, చుక్క నీళ్లు పోయకుండానే మర్నాటికి ఊట దిగుతుంది. మూడోనాడు పిండబోతే, తరిగేటప్పుడు పెళుసుగా ఉన్న ముక్క వేలికి చుట్టుకునేంత మెత్తబడి ఉంటుంది. ఊట నిండా పులుపు.

ఉప్పు ముక్కలోకి దూరి నీళ్లని తోసేస్తుందనుకుంటారు చాలామంది. మొదట్లో అది దూరలేదు. కణం పొర నీటిని పోనిస్తుంది, ఉప్పుని ఆపుతుంది. బయట ఉప్పు చిక్కగా ఉండేసరికి లోపలి నీరు అటు నడుస్తుంది. కణం వాడి, పొర చితికాకే ఉప్పు లోపలికీ పులుపు బయటికీ ధారాళంగా సాగుతాయి. పొరలో నీటి కోసం విడిగా దారులున్నాయని 1992లో పీటర్ ఆగ్రే తేల్చాడు. ఆయనకి నోబెల్ వచ్చింది 2003లో. మా ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమైందీ ఆ ఏడే. రైల్వేవాళ్లకి ఏ సంవత్సరం చెప్పినా ఇలాంటివే గుర్తొస్తాయి మరి!

జాడీలో మనం కోరి చేయించుకునే పనే ఒంట్లో జరిగితే ప్రాణం మీదికొస్తుంది. మా ఛత్తీస్‌గఢ్‌లో సికిల్‌సెల్ జబ్బు ఎక్కువ. అందులో ఎర్రకణంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదలగానే పోగులు కడుతుంది. పొర వంకర తిరిగి కాల్షియం చొరబడుతుంది. దాంతో పొటాషియం పోయే దారి ఒకటి తెరుచుకుంటుంది. హంగరీ శాస్త్రవేత్త గార్దోష్ 1958లో గమనించిన దారి అది. పొటాషియం వెంట నీళ్లూ పోతాయి. కణం చిక్కబడేకొద్దీ పోగులు ఇంకా త్వరగా పడతాయి. వంగి బిరుసెక్కిన కణాలు సన్నటి రక్తనాళాల్లో అడ్డుపడితే, ఎముకలు పిండేసే నొప్పి. ఈ జబ్బున్నవాళ్లని ఎండాకాలం నీళ్లు తాగుతూ ఉండమని డాక్టర్లు పోరేది ఇందుకే. దీని నిర్మూలనకి జాతీయ మిషన్‌ని ప్రధాని 2023 జూలై 1న షహడోల్‌లో ప్రారంభించారు. అదీ మా డివిజన్ స్టేషనే.

పొటాషియం దారి మూసేస్తే సరిపోదా? సెనికాపోక్ అనే మందుతో ఆ పనీ చేసి చూశారు. కణాలు పగిలిపోవడం తగ్గింది గానీ నొప్పులు తగ్గలేదు. ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే హైడ్రాక్సీయూరియా ఆ దారి జోలికే పోదు. తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌ని మళ్లీ పెంచుతుంది. అది ఉన్నచోట పోగులు అంత తేలిగ్గా పడవు.