అంకెకు అందని అర్హత: విద్యాసంస్థల ర్యాంకులు – విద్యార్థి ఎంపిక

కళాశాలను ఎంచుకునే విద్యార్థి ముందుగా అడిగే ప్రశ్న 'దాని ర్యాంకు ఎంత?' అన్నదే. ఆ అంకె నిజానికి ఎవరి ప్రశ్నకు సమాధానమో విచారించడం ఈ వ్యాసోద్దేశం.

కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన జాతీయ సంస్థాగత ర్యాంకింగ్ చట్రం (ఎన్.ఐ.ఆర్.ఎఫ్.) తొలి జాబితా 2016లో వెలువడింది. విశ్వవిద్యాలయాల విభాగంలో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, సామాజిక చేరువకు 10, సంస్థపై ఉన్న అభిప్రాయానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. డిగ్రీలో చేరదలచినవారికి ఆచార్యుల పరిశోధన పత్రాల సంఖ్య కంటే తరగతిలో పాఠం ఎలా సాగుతుందన్నదే ముఖ్యం. బోధన విభాగం మాత్రం అధ్యాపకుల సంఖ్య, అర్హతలు, వ్యయం వంటివాటినే లెక్కిస్తుంది. అభిప్రాయానికి వేసే మార్కులు పేరున్న సంస్థకే మళ్ళీ పేరు తెస్తాయి. పైగా లెక్కకు ఆధారమైన సమాచారంలో అధికభాగం సంస్థలు స్వయంగా సమర్పించేదే.

జూబ్లీహిల్స్‌లోని డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ పరిమితిని స్పష్టం చేస్తుంది. 1982లో ఆచార్య జి. రామ్‌రెడ్డి తొలి ఉపకులపతిగా ఆరంభమైన ఈ సంస్థ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్మీడియట్ చదవనివారికి సైతం అర్హత పరీక్ష ద్వారా డిగ్రీ ప్రవేశం కల్పించింది. చదువుకు దూరమైనవారిని చేర్చుకోవడమే దాని పుట్టుకకు కారణం. ఆ గుణానికి సాధారణ చట్రం ఇచ్చిన విలువ పదో వంతే. సార్వత్రిక విశ్వవిద్యాలయాలకు ప్రత్యేక విభాగం 2024లో గానీ రాలేదు.

పక్కనే ఫిల్మ్‌నగర్‌లో షూటింగుల మీద ఆధారపడి బతికే ఒక యువకుణ్ణి ఊహిద్దాం. పని మానకుండా చదవవచ్చా, తెలుగులో పాఠ్యపుస్తకాలు ఉన్నాయా, అధ్యయన కేంద్రం ఎంత దూరం, ఫీజు ఎంత అన్నవి అతని ప్రశ్నలు. వీటిలో ఒక్కదానికీ ర్యాంకు బదులివ్వదు. అతనికి తగిన సంస్థ జాబితాలో అడుగున ఉన్నా, అసలు లేకున్నా, ఆ లోటు జాబితాదే. నష్టం మాత్రం అతనిది.

అయితే ర్యాంకులు పూర్తిగా నిష్ప్రయోజనమనడం న్యాయం కాదు. ప్రకటనల హోరులో అవి కొంత సమాచారాన్ని బహిరంగపరిచాయి. లోపమల్లా భిన్న గుణాలను ఒకే అంకెగా కుదించడంలో ఉంది. కాబట్టి విద్యార్థి మొత్తం ర్యాంకును పక్కనపెట్టి విడి అంశాల మార్కులు చూడాలి. మిగిలినవి అక్కడ చదివినవారిని అడిగి తెలుసుకోవాలి. అలా చూడటం నేర్పవలసిన బాధ్యత అధ్యాపకులమైన మనది.