దిలీప్ చాటున యూసుఫ్

2021 జూలై 7న దిలీప్ కుమార్ చనిపోతే జుహూ ఖబ్రస్తాన్‌లో ప్రభుత్వ లాంఛనాలతో దఫన్ చేశారు. ఖబ్రస్తాన్ అనగానే ‘ఆయన ముస్లిమా?’ అని ఆశ్చర్యపోయిన చదువుకున్న మిత్రుల్ని మేం చూశాం.

పెషావర్‌లో 1922లో పుట్టిన పండ్ల వ్యాపారి కొడుకు యూసుఫ్ ఖాన్. దిలీప్ కుమార్ అన్న పేరు బాంబే టాకీస్ దేవికా రాణి సూచించింది. 1944లో ‘జ్వార్ భాటా’ ఆ పేరుతోనే వచ్చింది. సినిమాలంటే గిట్టని తండ్రి కంటబడకుండా ఉండటానికీ ఆ పేరు పనికొచ్చింది. కుముద్‌లాల్ గంగూలీ అశోక్ కుమార్ కాలేదా, ఇందులో మతమెక్కడుంది అంటారు. నిజమే. కాని గంగూలీని అసలు పేరు పెట్టి ఎవరూ నిలదీయలేదు. 1998లో పాకిస్తాన్ దిలీప్‌కి ‘నిషానె ఇంతియాజ్’ ఇచ్చింది. మరుసటేడు కార్గిల్ యుద్ధం రాగానే దాన్ని వాపసు చెయ్యమని శివసేన పట్టుబట్టింది. దేవదాసుగా దేశాన్ని ఏడిపించినవాడు రాత్రికి రాత్రే యూసుఫ్ అయిపోయాడు. వాపసు ఇవ్వలేదాయన.

మనవాళ్ల పొరపాటు ఇంకోరకం. ‘మొఘలె ఆజం’ సలీంని చూసుకుని మురిసిపోతాం. అందులో ఉర్దూ ఉంది, షాన్ ఉంది, మనకదే చాలు. మాకైతే 1961 నాటి ‘గంగా జమునా’ అంతకన్నా పెద్దది. కథ ఆయనదే, నిర్మాతా ఆయనే. పుట్టింట హింద్కో మాట్లాడిన మనిషి, జమీందారు అన్యాయానికి బందిపోటైన గంగ కోసం అవధీ పల్లె యాస పట్టాడు. ఆ యాసతో పాటు నడక మారింది, పంచె కట్టిన తీరు మారింది, కోపం కూడా పొలం మనిషి కోపమే అయింది. ఆ భాష నీదెట్లా అయిందని ఆ పల్లె జనం అడిగి ఉండరు. మమ్మల్ని మాత్రం పుట్టినూళ్లోనే ‘సాయిబులైనా తెలుగు బాగా మాట్లాడతారే’ అని మెచ్చుకుంటారు!

తెలుగు ‘రాముడు భీముడు’ (1964) తీసిన తాపీ చాణక్యే 1967లో దిలీప్‌తో ‘రామ్ ఔర్ శ్యామ్’ తీశాడు. మా చిన్నతనంలో టీవీలో రెండూ చూసి, ఎవరు గొప్పని పిల్లలమంతా పోట్లాడుకున్నాం. మేం అడక్కముందే మమ్మల్ని దిలీప్ వైపు నిలబెట్టారు. భయస్తుడి పాత్రలో ఎన్టీఆరే బాగా చేశాడని మేమన్నాం. ఒక్కరూ నమ్మలేదు.