అయిదు ఫారాల పుస్తకం

పుస్తకాల పనిలో మా కొలత ఫారం. డెమీ సైజులో ఒక ఫారానికి పదహారు పేజీలు. సంక్లిష్ట వ్యవస్థల మీద తెలుగులో చిన్న శాస్త్రగ్రంథం వేద్దామనుకున్నప్పుడు రచయితకు అయిదు ఫారాలే అని చెప్పాను. ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు. తెచ్చిన రాతప్రతి అంతకు మూడింతలుంది.

ఈ శాస్త్రంలో కోత పెట్టడం కష్టం. చీమల బారు, మిర్చి ధర, అంటువ్యాధి... దేని భాగాలు విడివిడిగా తెలిసినా మొత్తం ఎటు నడుస్తుందో తెలియదు. శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్ 1984లో పుట్టింది ఈ ప్రశ్న పట్టుకునే. ఇంగ్లిషులో స్ప్రింగర్ వాళ్లు 50 నుంచి 125 పేజీల్లో ‘బ్రీఫ్స్’ వేస్తుంటారు. అక్కడి పాఠకుడికి మాటలు ముందే తెలుసు. మనం ప్రతి మాట దగ్గరా ఆగాలి. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులతో కలిసి 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి శాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చిన నాటి నుంచీ ఈ పని ఉన్నదే.

‘ఫీడ్‌బ్యాక్’కు మాస్టారు ‘ప్రతిపుష్టి’ అని రాశారు. నాకు మింగుడుపడలేదు. ఇంగ్లిషు మాటే ఉంచి, మన ఊరి ఉదాహరణతో విప్పి చెప్పమన్నాను.

2024 సెప్టెంబరు మొదటి రోజుల వరద. బుడమేరు సహజంగా కొల్లేరుకు పోవాలి. బెజవాడ మునగకుండా వెలగలేరు దగ్గర నుంచి కృష్ణలోకి మళ్లింపు కాలువ తవ్వారు. అది కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. అప్పుడు బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున నిలిచి ఉంటే కాలువ నీళ్లు దిగేదెక్కడ? గట్లకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ మునిగింది. మిగతా అధ్యాయాల్లో ఎంత తీసేసినా ఈ నాలుగు పేజీలు ముట్టుకోనివ్వలేదు నేను.

మూడో ప్రూఫులో బొమ్మ చూస్తే కాలువ నుంచి కృష్ణకు బాణం ఉంది, తిరుగు బాణం లేదు. ఫోన్ చేశాను.

“మాస్టారూ, నది ఎగదన్నడం ఏదండీ?”

కాసేపు మాట్లాడలేదు ఆయన. “మా చెల్లెలి ఇల్లు అక్కడేనండీ. కిటికీల దాకా వచ్చాయి నీళ్లు. అదెలా మరిచాను?”

డీటీపీ ఆపరేటర్ పక్కన కూర్చుని రెండో బాణం గీయించాను. ‘ఎగదన్ను’ అని దాని పక్కనే రాయించాం. చోటు చాలక బొమ్మ కింద ఒక లైను తీసేయాల్సి వచ్చింది. అందులో ‘ప్రతిపుష్టి’ ఇంకా మిగిలే ఉంది.