ఇరువదితొమ్మిదవ యేట అగస్టీను



అగస్టీను భక్తుడు వ్రాసిన "ఒప్పుకోలు" అను గ్రంథము పేరు నీవు వినియుందువు. పదుమూడు భాగములుగల ఆ గ్రంథమునుండి మన ప్రసంగపీఠములమీద వినబడునవి మూడే సంగతులు: చిన్ననాటి పండ్ల దొంగతనము, తల్లియగు మోనికా కన్నీళ్లు, మిలాను తోటలోని మారుమనస్సు. నాలుగవ భాగమునుండి ఏడవ భాగమువరకు మరియొక కథ నడచుచున్నది. బోధకులు దానిని తరచుగా దాటిపోవుదురు. అగస్టీను తన యౌవనములో జాతకములు చూచువారియొద్దకు మానక పోవుచుండెను. వారి గ్రంథములను తానును అభ్యసించెను. తుదకు ఇతరులే తమ జాతకముల విషయమై అతనిని అడుగు స్థితికి వచ్చెను. దమ్మాయిగూడలోని యౌవనస్థునికి ఈ గ్రంథమును చేతికిచ్చునెడల, తోట కథకంటె ముందుగా ఈ కథనే విప్పి చూపవలెనని నేను తలంచుచున్నాను.

దమ్మాయిగూడ పేరు ఊరక చెప్పలేదు. ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా దాటి కీసర వైపు పోవు దారిలోనున్న ఈ ఊరు 2019లో పురపాలక సంఘమాయెను. పొలములుండినచోట అంతస్తుల యిండ్లు లేచినవి. ఆ యిండ్లలో అప్పు వాయిదాలు కట్టుచున్న తండ్రులును, ఇంజనీరింగు ముగించిన బిడ్డలును కాపురమున్నారు. ఉదయము బస్సెక్కి ఉప్పల్ చేరి, మెట్రో రైలులో నిలువబడి రాయదుర్గము పోయి, రాత్రి అదే దారిని తిరిగివచ్చు ఇరువదియెనిమిదేండ్ల వానిని తలంచుకొనుము. తనతో చదివినవారిలో ఒకడు డల్లాసులో నున్నాడు. ఒకడు ఫ్లాటు కొనెను. ఒకనికి బిడ్డ పుట్టెను. వీనికి రెండవమారు ఉద్యోగము పోయినది. లేదా ఉద్యోగము నిలిచినది గాని, ఆ పని తనది కాదని ఇప్పుడు తెలిసినది. ఆడుపిల్లయైనయెడల పెండ్లిచూపులకు వచ్చువారు వచ్చుచునేయున్నారు, పోవుచునేయున్నారు. పాశ్చాత్యులు ఈ ప్రాయపు కలతకు క్వార్టర్ లైఫ్ క్రైసిస్ అని పేరు పెట్టిరి; 2001లో అమెరికాలో ఆ పేరుతోనే ఒక గ్రంథమును వెలువడెను. మన తల్లులకు ఆ పేరు అక్కరలేదు. "వీడికి ఏలినాటి శని పట్టిందమ్మా" అని పొరుగింటి గడపలో చెప్పుకొందురు.

ఇదివరకు పంచాంగము చూచుటకు ఒకరి యింటికి పోవలసియుండెను. ఇప్పుడు పుట్టిన దినమును గడియను చేతిఫోనులో వ్రాసిన చాలును, చక్రము వచ్చును. నిమిషమునకు ఇంతయని రుసుము కట్టినయెడల జ్యోతిష్కుడును పలుకును. మన క్రైస్తవ గృహములలో ఇది జరుగదని చెప్పువాడు మన గృహముల నెరుగనివాడు. మందపల్లికి పోయి శనికి తైలాభిషేకము చేయించు పొరుగువాడు తాను నమ్మినదానిని పగటివేళ నలుగురిలో చేయుచున్నాడు. మనవారు దుప్పటి క్రింద ఫోను వెలుగులో చేయుదురు.

ఈ శని లెక్క యెట్టిదో ఒకమారు చూతము. శనిగ్రహము సూర్యుని చుట్టి వచ్చుటకు సుమారు 29½ ఏండ్లు పట్టును. రాసులు 12 గనుక ఒక్కొక్క రాశిలో సుమారు 2½ ఏండ్లుండును. మనుష్యుడు పుట్టినప్పుడు చంద్రుడున్న రాశికి వెనుకటి రాశిలో, ఆ రాశిలో, దాని తరువాతి రాశిలో శని సంచరించు 7½ ఏండ్లు ఏలినాటి శని. నాలుగవ రాశిలో నుండగా అర్ధాష్టమ శని. ఎనిమిదవ రాశిలో నుండగా అష్టమ శని. ఇప్పుడు కూడుము. 12 రాసులలో 5 రాసులవారు ఏ దినమందైనను శని పాలబడియేయుందురు. ప్రతి 30 ఏండ్లలో ఇంచుమించు 12½ ఏండ్లు శనివే. మిగిలినవారిలో కొందరిని శని నిన్ననే విడిచెను, కొందరిని రేపు పట్టబోవును. ఇంత వెడల్పైన వల విసరినవానికి చేప పడుటలో వింతయేమున్నది? పాశ్చాత్య జ్యోతిష్కులైతే ఇంకను సులువు చేసికొనిరి. పుట్టినప్పుడున్న చోటికి శని తిరిగివచ్చుటయే కష్టకాలమని వారందురు. అది భూమిమీద పుట్టిన ప్రతివానికి 29వ యేటనో 30వ యేటనో రావలసినదే. ముప్పది యేండ్లు నిండవచ్చినవానితో "నీకు ముప్పది యేండ్లు నిండవచ్చినవి" అని చెప్పుటకు ఆకాశమునుండి సాక్షి యెందుకు?

లెక్కలు ఇంకను గలవు. 2008లో పూనాలో జయంత నార్లీకరు అను ఖగోళ శాస్త్రవేత్త, చదువులో చురుకైన పిల్లల జాతకములను, బుద్ధిమాంద్యముగల పిల్లల జాతకములను కలిపి 200 సేకరించి, ఏది యెవరిదో గుర్తించుడని ఒక్కొక్క జ్యోతిష్కునికి 40 చొప్పున పంపించెను. 27 గురు జవాబులిచ్చిరి. సరిపడినవి నూటికి 46. నాణెమెగురవేసినను సగము సరిపడియుండును. మన దమ్మాయిగూడ యువకుడు ఉప్పల్ దాటి హబ్సిగూడ చేరు దారిప్రక్కనే సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున్నది. దాని స్థాపక సంచాలకుడగు పుష్ప మిత్ర భార్గవ, విశ్వవిద్యాలయములలో జ్యోతిషమును శాస్త్రముగా బోధింప తలపెట్టిన యు.జి.సి. నిర్ణయమును ఎదిరించి 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెక్కెను. అక్కడ ఓడెను, 2004లో సుప్రీంకోర్టును ఆ వ్యాజ్యమును కొట్టివేసెను. ఏ విద్య బోధింపవలెననునది విద్యాసంస్థలు నిర్ణయించుకొనవలసినదే గాని న్యాయస్థానము కల్పించుకొనదగినది కాదని దాని భావము. ఆ దారిని ప్రతిదినము పోవువారిలో ఈ సంగతి యెరిగినవారు తక్కువ.

అయితే చదువరీ, లెక్క విని జాతకమును విడిచినవానిని నీవెప్పుడైనను చూచితివా? అగస్టీను విడువలేదు. అతని గ్రంథములో నాకు మిక్కిలి నిజముగా తోచు భాగమిదే. విండిసియానుస్ అను వృద్ధ వైద్యుడొకడు అతనిమీద ప్రేమగలవాడై బుద్ధి చెప్పెను. ఆ వైద్యుడు తన పడుచుతనములో జ్యోతిషమునే జీవనోపాధిగా చేసికొన నేర్చినవాడు. అది బూటకమని కనుగొని, మనుష్యులను మోసపుచ్చి బ్రదుకుట ఇష్టములేక వైద్యమునకు మరలినవాడు. అట్లయిన జ్యోతిష్కులు చెప్పినవి అనేకములు నిజమగుచున్నవే, ఎట్లని అగస్టీను అడిగెను. ఏదో కావ్యమును ఎక్కడనో విప్పినయెడల ఆ కవి మన సంగతి తలంపకయే వ్రాసిన చరణము మన సంగతికి అతుకుట లేదా, ఇదియు అట్టిదేయని ముసలివాడు చెప్పెను. నెబ్రిడియుస్ అను స్నేహితుడును ఆ విద్యను చూచి నవ్వుచుండెను. ఇద్దరి మాటలును అప్పటికి తనకెక్కలేదని అగస్టీను స్పష్టముగా వ్రాయుచున్నాడు.

ఎందుకెక్కలేదు? దానికిని అతడే జవాబిచ్చెను. పాపమునకు కారణము ఆకాశములో నున్నదని, శుక్రుడో శనియో అంగారకుడో దానిని చేయించెనని ఆ బోధకులు చెప్పుదురట. చదువరీ, వేల మైళ్ల దూరమున ఆఫ్రికాలో పదునారు వందల యేండ్ల క్రిందట వ్రాయబడిన మాటలో మన శని పేరు కనబడినప్పుడు నేను కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. జాతకములోని తీపి భవిష్యత్తు తెలియుటలో లేదు. "తప్పు నాది కాదు" అను మాటలో నున్నది. కోపముచేత ఉద్యోగము పోగొట్టుకొన్నవానికి, తండ్రికి వెరచి ప్రేమించిన పిల్లను విడిచినవానికి, అన్నిటినిమించి ఏ తప్పును చేయకయే ఓడినవానికి ఆ మాట నీడవంటిది. దానిని వట్టి మూఢత్వమని నవ్వుట సులభము. నెబ్రిడియుస్ నవ్వెను, ఫలమేమి కలిగెను?

అగస్టీను 29వ యేడు ఇంతకంటె విచిత్రమైనది. అతడు మానీ మతమును తొమ్మిదేండ్లనుండి అనుసరించుచు, తన సందేహములన్నిటిని ఫౌస్తుస్ అను గొప్ప బోధకుడు వచ్చి తీర్చునని కనిపెట్టుకొనియుండెను. ఫౌస్తుస్ వచ్చెను, మాట తీరు ఇంపుగా నుండెను, విద్య మాత్రము లేకపోయెను. దీనికి ముందే అగస్టీను ఒక సంగతి గమనించెను. ఖగోళ విద్వాంసులు గ్రహణములను ఏండ్లకు ముందు లెక్కకట్టి దినమును గడియను చెప్పగా అవి తప్పక జరుగుచున్నవి. మానీ తన గ్రంథములలో ఆకాశమును గూర్చి వ్రాసినవి ఆ లెక్కలకు కుదురుటలేదు. కాబట్టి ఆకాశపు లెక్కయే అతనిని ఆకాశపు భ్రమనుండి కొంత విడిపించెను. మన ప్రాంతములో 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు జపాల్-రంగాపూర్ వేధశాలనుండి దానిని పరిశీలించిరి. వారు లెక్కించిన వేళకే అది పట్టెను. ఆ గ్రహణము ఏ రాశివాని పెండ్లిని చెరుపునో చెప్పుట మరియొకరి వ్యాపారము.

"తూర్పుదేశపు జ్ఞానులను నడిపిన నక్షత్రము మాటేమి?" అని నీవడుగుదువు. ఆ నక్షత్రము వారి జీతము సంగతి గాని పెండ్లి సంగతి గాని వారికి చెప్పలేదు. పైగా వారు యెరూషలేములో దారి అడుగవలసివచ్చెను. బేత్లెహేము పేరు ప్రవక్త గ్రంథములో దొరికెను.

తుదకు అగస్టీనును విడిపించినవాడు తర్కము చెప్పినవాడు కాడు, జాతకము చూపించుకొనవచ్చినవాడు. ఫిర్మినుస్ అను ఆ స్నేహితుడు తన జన్మకథను చెప్పెను. అతని తండ్రియు, తండ్రి స్నేహితుడొకడును జ్యోతిషమునందు ఎంత మక్కువగలవారనగా, ఇంట పశువు ఈనినను గడియ వ్రాసికొనుచుండిరి. ఫిర్మినుస్ తల్లి ప్రసవించిన క్షణముననే ఆ స్నేహితుని యింటి దాసియు ప్రసవించెను. ఒకరికొకరు వార్త తెలుపుటకు పంపిన మనుష్యులు దారిలో సరిగా నడుమ కలిసికొనిరట. చక్రము ఒక్కటే, గ్రహములు ఒక్కటే. ఫిర్మినుస్ ధనవంతుల బిడ్డయై చదువుకొని హోదాలకెక్కెను. దాసి కుమారుడు దాసుడుగానే పని చేయుచుండెను. అది విని అగస్టీను, ఒకే గర్భమునుండి ఒకని వెనుక ఒకడుగా పుట్టిన ఏశావు యాకోబులను జ్ఞాపకము చేసికొనెను. ఆ దినముతో అతనికి జాతకముమీది నమ్మకము తెగెను.

ఇక్కడ నేనొక అభ్యంతరమును దాచను. మిలాను తోటలో అదే అగస్టీను, పిల్లవాని స్వరమును దేవుని ఆజ్ఞగా ఎంచి, పౌలు పత్రికల గ్రంథమును విప్పి, కన్ను పడినచోట చదివెను. కావ్యమును ఎక్కడనో విప్పుటను గూర్చి ముసలి వైద్యుడు చెప్పినది దీనికిని తగులదా? తగులును. అగస్టీను ఆ చిక్కును తోట కథలో విప్పలేదు, అది గ్రంథమునకొక లోపమే. అయితే తరువాతి కాలములో యనువారియుస్ అనువానికి వ్రాసిన పత్రికలో, లోకవ్యవహారములకు సువార్త పుటలనుండి చీట్లవలె జవాబులు తీయువారిని గూర్చి, దయ్యములయొద్దకు పోవుటకంటె అది మేలేగాని ఆ వాడుక తనకిష్టము లేదని అతడు చెప్పెను. డిసెంబరు 31 రాత్రి మన సంఘములలో వాగ్దానపు కార్డులు తీయువారు ఈ పత్రికను చదువవలెను. చేయి చాపి తీసిన కార్డులో "ఈ యేట నీకు" అను అర్థము వెదకి, అది ఉద్యోగమును గూర్చినదో వివాహమును గూర్చినదో అని ఊహించుచు ఏడాదియంతయు కనిపెట్టుకొనియుండువాడు, పంచాంగమును బైబిలు అట్టలో కట్టుకొన్నవాడే. తోటలో అగస్టీనుకు దొరికిన వాక్యము రేపు జరుగబోవుదానిని చెప్పలేదు. ఇప్పుడు విడువవలసినదానిని చెప్పెను. ఈ భేదమును కార్డులు పంచు పెద్దలు తమ యౌవనస్థులకు చెప్పుచున్నారా?

ఇంకొక మాట. నిమిషమునకు ఇంత పుచ్చుకొను జ్యోతిష్కుడు ఆ నిమిషములలో వినును. మన పెద్దలయొద్దకు వచ్చిన 28 ఏండ్ల వాడు నోరు తెరవకముందే "పెండ్లెప్పుడు బాబూ? ఇంకా సెటిల్ కాలేదా?" అని రెండు ప్రశ్నలు వాని మీద పడును. ప్రార్థన చేసి పంపుదుము. ఆ ప్రార్థనలోను మన సలహాయే యుండును. రుసుము లేకుండ అరగంట వినువాడు సంఘములో దొరకనప్పుడు, వాడు రుసుము కట్టి వినిపించుకొనుటను చూచి మనమెంత ఆశ్చర్యపడగలము?

ఫిర్మినుస్ కథలో అగస్టీను అడుగక విడిచిన ప్రశ్న ఒకటి గలదు, నా విమర్శ అంతయు దానిమీదనే. ఒకే గడియలో పుట్టిన ఇద్దరిలో ఒకడు దాసుడగుట నక్షత్రములవలన కాదని అతడు రుజువు చేసెను, మంచిదే. అయితే ఎవరివలన? ఆ శిశువును దాసునిగా చేసినది ఆ యింటి యజమానుడు, ఆ రాజ్యపు చట్టము. ఆకాశముమీదనుండి నేరమును దింపినవాడు దానిని భూమిమీద ఎవరి తలుపునొద్ద దింపవలెనో చూడకయే పోయెను. దమ్మాయిగూడ యువకుని సంగతియు ఇట్టిదే. వాని ఉద్యోగము పోయినది ఒక కార్యాలయములో ఒకరు చేసిన సంతకముచేత. వాని చదువు అప్పు కళాశాల అడిగిన రుసుమువలన. పెండ్లి తప్పిపోయినది కట్నము మాటవలన, లేదా మన సంఘములోనే ఇంకను చావని కులము మాటవలన. శని అని చెప్పుకొన్నంతకాలము వీరిలో ఎవరును జవాబు చెప్పుకొననక్కరలేదు. ఆ కట్నపు మాటలు జరిగిన గదిలో సంఘపెద్దయు కూర్చుండియుండవచ్చును. ఫిర్మినుస్ పేరు అగస్టీను గ్రంథములో నున్నది. అతడు పుట్టిన క్షణముననే పుట్టినవాని పేరు లేదు.